చేతిపంపు దగ్గర

పదకొండుమంది పిల్లలూ ఒకే చోట స్టీరింగు మీంచి చెయ్యి తీశారు.

ఆ సంగతి మొదట కనిపెట్టింది నేనే. అందులో నా గొప్ప ఏమీ లేదు. నా పని చూడడం. మిల్లు కాటాగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పరీక్ష బాట మీద బండి నడిపే పిల్లలు ఎక్కడ ఏం చేశారో నోటుబుక్కులో రాయడం. వేగం, బ్రేకు, కళ్ళ కదలిక యంత్రాలు చూసుకుంటాయి. యంత్రాలకి తట్టనిది ఏదైనా ఉంటుందేమోనని డాక్టర్ కృపామణి గారు నన్ను పెట్టుకున్నారు. "నువ్వు ఎక్కువ మాట్లాడవు, కిటికీలోంచి చూపు తిప్పవు. అదే నీ అర్హత రత్నం," అన్నారు చేరిన రోజు.

అది మూతపడ్డ చక్కెర మిల్లు ఆవరణ. ఒకప్పుడు చెరుకు బళ్ళు వరసగా నిలబడే మైదానంలో ఇప్పుడు తారుబాట వేసి, మలుపులు, గుంటలు, ఉన్నట్టుండి అడ్డం వచ్చే రబ్బరు గేదెలు, బొమ్మమనుషులు పెట్టారు. బాటకి ఎడం పక్క పాత చేతిపంపు ఒకటి ఉండిపోయింది. మిల్లు కాపలావాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు ఇప్పటికీ అక్కడే నీళ్ళు పట్టుకుంటారు.

పిల్లల ఈడు పదమూడు నుంచి పదిహేను. వాళ్ళు నడిపేది చిన్న కరెంటు వ్యాను. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెవి వెనక చింతగింజంత పట్టీ అంటించి ఉంటుంది. ఆ పట్టీలో ఉన్నది వీరునాయుడు గారి జాగ్రత్త.

వీరునాయుడు గారు ముప్పయ్యొక్క ఏళ్ళు ఘాటురోడ్డు మీద బస్సు నడిపి, బండికి గీత పడకుండా ఉద్యోగం దిగిన మనిషి. ఆయన తలకి ఆరు వారాలు తీగలు చుట్టి, ఇదే బాట మీద నడిపించారు. ఎదర అపాయం కంటికి కనబడకముందే ఆయన ఒంట్లో పుట్టే ఉలికిపాటు ఉంటుంది కదా, దాన్ని పట్టి ఆ గింజలో నింపారు. "జ్ఞాపకం రాదు. జాగ్రత్త ఒక్కటే వస్తుంది," అని డాక్టరు గారు తల్లిదండ్రులందరికీ చెప్పి సంతకాలు తీసుకున్నారు. మా అమ్మ చేత నేనే పెట్టించాను. పదకొండుమందిలో ఒకతె మా చెల్లెలు లోవకుమారి.

మొదటి రోజు పట్టీ లేకుండా నడపమన్నారు. లోవ రెండో మలుపులోనే రబ్బరు గేదెని గుద్దేసి, దిగి, దాని కొమ్ములు నిమిరి, "సచ్చిపోనేదు లెండి డాట్రు గారూ, ఊపిరుంది," అంది. అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాడు పట్టీ పెట్టారు. ఆ గేదె పొద చాటు నుంచి ఇంకా కదలనేలేదు, లోవ కాలు యాక్సిలరేటరు మీంచి లేచింది. బండి దిగి తన కాలి వంకే చూసుకుంటూ నిలబడింది.

"ఏమైందే?" అన్నాను.

"నాను ఎత్తలేదప్పా. అదే ఎత్తీసింది."

వారం తిరక్కుండా పిల్లలు పట్టీకి పేరు పెట్టేశారు. తాత. "ఒరే, తాతని ఎట్టుకున్నావేట్రా?" "మా తాతకి నీ నడక నచ్చనేదు, హారను కొట్టమంటన్నాడు." డాక్టరు గారికి ఆ మాట ఇష్టం లేదు గానీ, ఒక రోజు ఆవిడే నోరుజారి, "తాతని చార్జింగు పెట్టారా?" అన్నారు.

*

చిన్నపిల్లల చేతికి బండి ఎందుకు అని అడిగేవాళ్ళకి డాక్టరు గారు ఒక్కటే చెప్పేవారు. పట్టీ కనిపెట్టకముందు ఆవిడ పదకొండేళ్ళు ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు చూశారు. "చట్టం వద్దంటోంది. పిల్లలు నడపడం మానారా? ట్రాక్టరు నడుపుతున్నారు, నాన్న మోటారుసైకిలు నడుపుతున్నారు. నేను కుట్టిన తలల్లో సగానికి మీసం రాలేదు. వద్దని చెప్పడం అయిపోయింది. ఇక క్షేమంగా నడిపించడం చూడాలి."

నా కారణం వేరే.

మాది మెట్ట మీద ఊరు. జీడిమామిడి తోటలు తప్ప వేరే ఆధారం లేదు. గింజలు రాలే రెండు నెలలు తప్పితే మగవాళ్ళందరూ కట్టడం పనులకి పట్నాల్లోనే ఉంటారు. రెండేళ్ళ కిందట మధ్యాహ్నం పూట, ఆ ఏడు ఊళ్ళోనే ఉండిపోయిన మా నాన్న తోటలోంచి గుండె పట్టుకుని వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. అంబులెన్సు బయల్దేరిందన్నారు. ఎదురింటి వాళ్ళ వ్యాను వీధిలోనే ఉంది, తాళం దానికే వేలాడుతోంది. నడిపే మగమనిషి ఊళ్ళో లేడు. మేం తొమ్మిదిమంది ఆడవాళ్ళం బండి చుట్టూ నిలబడి రోడ్డు వంక చూస్తున్నాం. పన్నెండేళ్ళ లోవ ఒక్కతే బండెక్కింది. నాన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తోటలో ఆ వ్యానే నడిపించేవాడు. అమ్మ దాని జుట్టు పట్టుకుని కిందికి లాగేసింది. "ఆయనొక్కడూ సాలడా, నువ్వు కూడానా!" అని వీపు మీద కొట్టింది. అంబులెన్సు వచ్చేసరికి గంటా ఇరవై నిమిషాలయింది.

తరవాత లోవ ఆ ఊసు ఎత్తలేదు. పదో రోజున మాత్రం అన్నం కలుపుతూ, "అప్పా, ఆ రోజు నానెళ్తే అరగంట," అంది.

అందుకే ఈ పరీక్ష సంగతి తెలియగానే దాని పేరు నేనే ఇచ్చాను. పదమూడు నిండినవాళ్ళకి పట్టీతో లైసెన్సు ఇవ్వచ్చా అని ప్రభుత్వం బిల్లు తయారు చేస్తోంది. ఆరు నెలల పరీక్ష. ఆఖర్న ఒక సంఘం వచ్చి చూస్తుంది. వాళ్ళు సరేనంటే మొదటి లైసెన్సు లోవకే అని డాక్టరు గారు ముందే అనేశారు. అందరిలో అదే బాగా నడుపుతోంది.

*

చేతిపంపు సంగతి నాలుగో నెలలో నోటుబుక్కు వెనక్కి తిప్పుతుంటే బయటపడింది. వేరు వేరు రోజుల్లో, వేరు వేరు పిల్లల పేర్ల కింద ఒకే వాక్యం రాసి ఉన్నాను: పంపుకి నలభై గజాల ముందు నెమ్మదించడం, కుడిచెయ్యి స్టీరింగు వదిలి గుండె మీదికి వెళ్ళడం.

డాక్టరు గారికి చూపించాను. ఆవిడ నవ్వారు. "డ్రైవర్లు దారిలో అమ్మవారి గుడి కనబడితే చెయ్యి ఎత్తరూ? ముప్పయ్యేళ్ళ అలవాటు. అది కూడా వచ్చేసినట్టుంది."

నాకు అలా తోచలేదు. దణ్ణం పెట్టే చెయ్యి నుదుటికో పెదవులకో వెళ్తుంది. ఈ చెయ్యి గుండె దగ్గరే ఆగుతోంది. రెండు వేళ్ళు మాత్రం ముందుకొచ్చి, అక్కడ లేని చిన్న వస్తువునేదో తడిమి చూసుకుంటున్నాయి. పైగా అక్కడ గుడి లేదు.

ఇంకొకటి కూడా రాశాను. ఐదో నెలకి పట్టీ తీసేసినా పిల్లలు అంతే జాగ్రత్తగా నడుపుతున్నారు. తాత గింజలోంచి పిల్లల ఒంట్లోకి ఇంకిపోయాడు. డాక్టరు గారు ఆ రోజు అందరికీ కాజాలు పంచారు.

ఇంటి దగ్గర మాత్రం నాకు వేరేది కనబడసాగింది.

మా లోవ కాలవలో దూకే పిల్ల. జీడిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని కింద వెళ్ళేవాళ్ళ మీద పండ్లు విసిరే పిల్ల. ఇప్పుడు ఇంటికొస్తే గుమ్మంలో కూర్చుంటోంది. వీధిలో చిన్నపిల్లలు పరిగెడుతుంటే కళ్ళతో వాళ్ళ వెంటే తిరుగుతోంది. ఎవరి పిల్లయినా రోడ్డు దాటబోతే లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని దాటిస్తోంది.

"పెద్దరికం వొచ్చీసింది దీనికి," అని అమ్మ మురిసిపోయింది. పక్కింటి సీతాలప్ప, "ఏటే లోవా, ఆ మిల్లులో నీకు మోకాళ్ళ నొప్పులు కూడా ఎక్కించీసేరేటి?" అని ఎకసెక్కం చేసింది. లోవ నవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున్న అమ్మ దాన్ని నీళ్ళకి పంపింది. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. వీధి పంపు కుళాయి కింద బిందె నిండి, పొంగి, కాళ్ళ కింద బురద అవుతోంది. లోవ బిందె ముందు నిలబడి ఉంది. కుడిచేతి రెండు వేళ్ళు గుండె మీద. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"లోవా!"

ఉలిక్కిపడి నా వంక చూసింది.

"అప్పా, నాను ఎవర్నేనా ఏటేనా సేసేనా?"

"ఏం చెయ్యడమే?"

"తెల్దు. ఏదో సేసేసినట్టుంటాది. ఎవురికీ సెప్పకుండా దాసేసినట్టుంటాది. బిందె ముట్టుకోబోతే సెయ్యి రాటం నేదు." కళ్ళు తుడుచుకుని మళ్ళీ, "నాన్న గురించేటంటావా?" అంది.

మర్నాడు డాక్టరు గారు కూడా అదే అన్నారు. "తండ్రి పోయిన పిల్ల. ఆ రోజు నడపలేకపోయానన్న బాధ మనసులో ఉంది. వయసు కూడా అలాంటిది." ఆ మాట నమ్మాలనే నాకూ అనిపించింది. కానీ పదకొండుమందికీ తండ్రులు పోలేదు. చెయ్యి మాత్రం పదకొండుమందిదీ వెళ్తోంది.

*

సంఘం సోమవారం వస్తుందనగా శుక్రవారం నాడు నేను వీరునాయుడు గారింటికి వెళ్ళాను. ఆయన పెరట్లో జామ మొక్కలకి పాదులు తీస్తున్నారు. భార్య పోయి చాలా కాలమయింది. నన్ను చూసి పార పక్కన పెట్టి, అరుగు మీద కుర్చీ వేశారు.

"రామ్మా రత్నం. గుంటలు, పిల్లలందరూ బాగున్నారా? నా పరువు తియ్యటం నేదు గదా?"

"బాగా నడుపుతున్నారండి. ఒక్కటే అడుగుదామని వచ్చాను. చేతిపంపు కనబడితే మీకు ఏమవుతుంది?"

ఆయన కుడిచెయ్యి చొక్కా ఎడం జేబు మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళు జేబు అంచుని తడిమాయి. అక్కడ ఏమీ లేదు. ఆయన చూపు మాత్రం గోడ మీదికి వెళ్ళింది. గోడకి పాత ఖాకీ చొక్కా, దాని ఎడం జేబు మీద రూపాయి బిళ్ళంత బ్యాడ్జీ. 'ప్రమాదరహిత సేవ' అని రాసి ఉంది.

"ఎవురు సెప్పేరు నీకు?"

"పిల్లలండి. పదకొండుమందీ అలాగే తడుముకుంటున్నారు."

ఆయన అరుగు అంచున కూర్చుండిపోయారు. నా వంక చూడకుండా, మొక్కల వంక చూస్తూ చెప్పారు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఘాటు దిగి వస్తుంటే రోడ్డు పక్క ఒక పల్లె. పంపు దగ్గర నుంచి ఒక పిల్ల బిందె చంకన పెట్టుకుని ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఆయన బ్రేకు తొక్కారు. బస్సు ఆగలేదు, పక్కకి కోసుకుంటూ పోయింది. టంగుమని ఒక చప్పుడు. అద్దంలో చూస్తే పిల్ల పడి, లేచి కూర్చుంది. బిందె దొర్లుకుంటూ పోతోంది. బస్సులో జనం నిద్రలో ఉన్నారు. కండక్టరు, "ఏటన్నా?" అన్నాడు. "రాయి," అన్నారు ఈయన. బండి ఆపలేదు.

"లేచి కూకుంది గదా అనుకున్నాను తల్లీ. మర్నాడు అదే రోడ్డున వొత్తంటే పంపు కాడ జనం. టెంటు ఏసేరు. కడుపులో దెబ్బంట. మాట పడిపోయి, సాయంత్రానికి పోయిందంట. బిందెతో కాలవ గట్టు మీంచి పడిపోయిందనుకున్నారు. ఎవురూ అడగనేదు, నాను సెప్పనేదు. ఆ యేడే ఈ బిళ్ళ ఇచ్చేరు. డిపోలో దండేసి, ఫోటో తీసి, జేబుకి గుచ్చేరు."

"అందుకేనా మీరు..."

"అంతకు ముందు నాను తోలింది సూణ్ణేదు నువ్వు. డిపోలో నాకు తుపానని పేరు. ఆ తరవాతే నాకీ జాగర్త వొచ్చింది." ఆయన చేతులకంటిన మట్టి ఒకదాంతో ఒకటి రాలగొట్టుకున్నారు. "జాగర్తొక్కటే తీసుకుంటారని ఆ డాట్రమ్మ సెప్తే నమ్మేను. పోన్లే, ఇన్నాళ్ళకి ఒక మంచి పనికొచ్చింది అనుకున్నాను. నాకు నలభై దాటేక పడింది ఈ బరువు. నడుం ఇరిగిపోయింది. ఆ గుంటలకి పద్నాలుగేళ్ళు."

*

డాక్టరు గారు అంతా విని, అల్మరా తెరిచి ఒక దస్తరం తీశారు. అందులో ప్రమాదం ఎరగని తొమ్మిదిమంది డ్రైవర్ల పేర్లున్నాయి. వీరునాయుడు గారి కంటే ముందు వాళ్ళ దగ్గర జాగ్రత్త తీసి చూశారట. అప్పుడు వాళ్ళ పట్టీలు పెట్టుకున్న వేరే పిల్లలు ఎప్పటిలాగే నడిపారు, ఎప్పటిలాగే గేదెని గుద్దారు.

"యంత్రంలో లోపం అనుకున్నాను," అన్నారావిడ చాలా నెమ్మదిగా. "వాళ్ళకి జీవితంలో నిజంగానే ఏమీ జరగలేదు. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు."

కిటికీలోంచి పంపు కనబడుతోంది. కాపలా అతని భార్య నీళ్ళు కొడుతోంది. చప్పుడు ఇక్కడికి వినబడుతోంది.

"ఆ పంపు పీకించేస్తాను. సోమవారం సాఫీగా అయిపోతుంది."

"ఊళ్ళల్లో ఎన్ని పీకిస్తారండి?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రత్నం, మొన్న శనివారం కూడా మన రోడ్డు మీద ఇద్దరు పిల్లలు పోయారు. మోటారుసైకిలు. ఒకడికి పద్నాలుగు, ఒకడికి పన్నెండు. ఏడ్చే పిల్లలు కావాలా, చచ్చిపోయే పిల్లలు కావాలా అని నన్ను ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?"

నేను నోటుబుక్కు మూసేశాను.

"బిల్లు రానీ. తరవాత పట్టీ బాగుచేద్దాం. ఆ బాధని వేరు చేసే దారి వెతుకుతాను. అంతవరకూ ఆ పేజీలు నీ దగ్గరే ఉండనీ. నీ చెల్లెలికి లైసెన్సు వస్తుంది."

సరేనన్నాను. దాచడం ఇష్టమై కాదు, గుమ్మంలో నాన్న, వీధిలో తాళం వేలాడే వ్యాను కళ్ళ ముందు కదలబట్టి. లోవకి కూడా ఏమీ చెప్పలేదు. సోమవారం అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి అది చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. "అప్పా, లైసెన్సు మీద ఫోటో నవ్వుతా దిగొచ్చా?" అని అడిగింది. చాలా రోజుల తరవాత దాని గొంతులో పాత లోవ వినబడింది. నేను తలుపుకి ఆనుకుని నిలబడిపోయాను.

*

సోమవారం పది గంటలకి సంఘం వచ్చింది. ఐదుగురు. వాళ్ళకి కాటాగదిలో కిటికీ ముందు బల్ల, కుర్చీలు వేశాం. అధ్యక్షుడు తల నెరిసిన పెద్దమనిషి, పిల్లల్ని "అమ్మా, నాయనా" అని పలకరిస్తున్నారు. వీరునాయుడు గారిని అతిథిగా పిలిచారు. డాక్టరు గారు చెప్పినట్టే ఖాకీ చొక్కా, బిళ్ళ వేసుకొచ్చి చివరి కుర్చీలో కూర్చున్నారు. నా వంక చూడలేదు.

పంపు లేదు. దాని చోట కొత్త మట్టి.

లోవ పట్టీ లేకుండానే నడిపింది. అది డాక్టరు గారి ఆలోచన. గేదె, బొమ్మమనుషులు, ఎదురొచ్చే లారీ, నీళ్ళు నిలిచిన గుంట, అన్నీ దాటింది. అధ్యక్షుడి పక్కనావిడ, "నేను ముప్పయ్యేళ్ళుగా నడుపుతున్నాను, నాకింత చేతకాదు," అంది. కొత్త మట్టి దగ్గర బండి నెమ్మదించలేదు. చెయ్యి కదల్లేదు. డాక్టరు గారు ఊపిరి వదలడం నాకు వినబడింది.

బండి దిగి లోవ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"భేషుగ్గా నడిపావమ్మా. నీకెన్నేళ్ళు?"

"పద్నాలుగు సార్."

"లైసెన్సు వస్తే ఏం చేస్తావు?"

"మా ఊళ్ళో ఎవురికేనా బాగోకపోతే తీసుకెళ్తాను సార్."

ఆయన పక్కవాళ్ళ వంక చూసి తలాడించారు. కాగితాలు సర్దుకుంటూ, అందర్నీ అడిగే మాటే అడిగారు. "నువ్వేమైనా అడుగుతావా తల్లీ?"

లోవ ఆయన కళ్ళల్లోకి చూసింది.

"ఒక్కటడగాలి సార్. నాను ఎవర్ని గుద్దీసేనో మీకేటేనా తెలుసా?"

ఎవరికీ అర్థం కాలేదు. అధ్యక్షుడు నవ్వబోయి ఆగారు.

"నువ్వెవర్నీ గుద్దలేదు కదమ్మా."

"గుద్దీసేను సార్. ఎవుర్నో తెల్దు. డాట్రు గారు నాన్న గురించి అన్నారు. నాన్న గురించయితే ఏడుపొస్తాది. ఇది అది కాదు. సిగ్గులాగుంటాది. తెలిస్తే ఎళ్ళి సెప్పేసొస్తాను. సెప్పేసేక లైసెన్సు ఇవ్వండి."

కుర్చీ జరిగిన చప్పుడయింది. చివరి వరసలో వీరునాయుడు గారు లేచి నిలబడ్డారు.

"నువ్వు కాదు తల్లీ. నాను."

ఆయన అందరి మధ్య నుంచి నడిచి వచ్చి, జేబుకున్న బిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. సూది పట్టుకుని చొక్కా గుడ్డ కొంచెం చిరిగింది. తరవాత నాకు చెప్పిందంతా చెప్పారు. నేను కూడా లేచి నోటుబుక్కు తీసుకెళ్ళి, ఆ పేజీలు తెరిచి బిళ్ళ పక్కన పెట్టాను. డాక్టరు గారు నన్ను ఆపలేదు. ఆవిడ కిటికీలోంచి కొత్త మట్టి వంక చూస్తున్నారు.

లోవ మాత్రం ఆయన చెప్పినంతసేపూ ఆయన జేబునే చూసింది. అంతా అయ్యాక, "ఆ గుంట పేరేటి తాతా?" అని అడిగింది.

ఆయనకి తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఆ పేరు అడగడానికి ఆయన ఆ ఊళ్ళో ఒక్కసారీ దిగలేదు.

*

బిల్లు ఆగిపోయింది. పేపర్లలో కొన్నాళ్ళు రాశారు. పసివాళ్ళ మీద ఇంత ఘోరమా అని కొందరు. మరి మా ఊళ్ళల్లో బండి ఎవరు నడుపుతారని కొందరు. రెండూ నిజమే.

పట్టీలన్నీ తీసేశారు. ఇంకిపోయినదాన్ని తియ్యడం ఎలాగో డాక్టరు గారికి తెలియదు. ప్రతి వారం ఆవిడ పదకొండు ఇళ్ళకీ వస్తారు. పిల్లలతో కూర్చుంటారు. మొదట్లో ప్రశ్నల కాగితం తెచ్చుకునేవారు, ఇప్పుడు ఉత్త చేతులతో వస్తున్నారు.

వీరునాయుడు గారు ఆ పల్లెకి వెళ్ళారు. ఆ పిల్ల తల్లి ఉందట. ఏమందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. పిల్ల పేరు మాత్రం తెలుసుకొచ్చి లోవకి చెప్పారు. ఆ రోజు లోవ బిందె ఎత్తింది.

తరవాత ఒక పొద్దున్న ఆయన మా ఊరొచ్చారు. ఎదురింటి వాళ్ళ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తన్ని చూశారు.

"మొత్తానికి ఈ ఊళ్ళో బండి తోలీవాళ్ళు నేరన్నమాట," అన్నారు.

"మగోళ్ళు నేరు బాబూ," అంది అమ్మ. సీతాలప్ప, మరో నలుగురు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

ఆయన మా అందరి వంకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్ళారు. "మీకందరికీ సేతులున్నాయి గదేటి?"

నాన్న పోయిన రోజు ఆ బండి చుట్టూ నిలబడ్డ తొమ్మిదిమందిలో నేనొకదాన్ని. నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. పన్నెండేళ్ళ పిల్ల బండెక్కితే అందరం చూశాం. మాలో ఎవరం ఎందుకు ఎక్కలేదో ఆ రోజు ఎవరికీ తోచలేదు. తరవాత నేను ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చుని పద్నాలుగేళ్ళ పిల్లలు నడుపుతుంటే రాసుకున్నాను. అప్పుడూ తోచలేదు. ప్రభుత్వం, డాక్టరు గారు, మా అమ్మ, నేను, అందరం కలిసి ఊళ్ళో పెద్దవాళ్ళు లేరనే అనుకున్నాం.

"నా వొయసుకి ఇప్పుడు బండేటి బాబూ?" అంది సీతాలప్ప.

"మోకాళ్ళ నొప్పులున్నాయేటి?" అంది లోవ గుమ్మంలోంచి. సీతాలప్ప చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

జీడితోటలో నేర్పుతున్నారు ఆయన. పొద్దున్న ఏడింటికి మొదలు. మొదటి వారం నేను రెండు చెట్లకి తగిలించాను. అమ్మ బండి ఎక్కేముందు చెప్పులు విడిచి ఎక్కుతోంది, ఎందుకని అడిగితే నవ్వుతుంది తప్ప చెప్పదు. లైసెన్సు పరీక్షకి నేనూ సీతాలప్పా పేరిచ్చాం.

నిన్న మొదటిసారి తోట దాటి ఊరి రోడ్డెక్కాను. పక్కన లోవ, వెనక వీరునాయుడు గారు. రోడ్డు ఖాళీగా ఉంది. గాలి బాగుంది. నాకు భయం వెయ్యలేదు. రోడ్డు మీద నాకు ఎప్పుడూ ఏమీ జరగలేదు కదా. కాలు కొంచెం గట్టిగానే నొక్కినట్టున్నాను.

ఎదర వీధి పంపు వచ్చింది. దాని దగ్గర ఎవరూ లేరు.

"అప్పా," అంది లోవ. రెండు వేళ్ళు గుండె మీద ఉన్నాయి. "మెల్లగ."

నేను కాలు తీశాను. పంపు మా పక్క నుంచి మెల్లగా వెనక్కి వెళ్ళింది. అది కనబడినంతసేపూ లోవ కిటికీలోంచి చూస్తూనే ఉంది.